ముల్లు ఎర్రగీత దాటితే

"బండి హీటెక్కుతోంది" అనగానే మంచి మెకానిక్కు బానెట్ ఎత్తడు. ముందు అడుగుతాడు: ఎప్పుడు ఎక్కుతోంది? సిగ్నల్ దగ్గర నిలబడినప్పుడా, హైవే మీద నూరులో పోతున్నప్పుడా, ఘాట్ ఎక్కుతున్నప్పుడా, ఇంటి దగ్గర స్టార్ట్ చేసిన ఐదు నిమిషాలకేనా? ఏసీ వేసి ఉందా? రిజర్వ్ బాటిల్లో నీళ్ళు తగ్గుతున్నాయా? వీటికి జవాబులు దొరికితే పానా పట్టకముందే సగం పని అయిపోతుంది. అడగని మెకానిక్కు మొదట కూలెంట్ మారుస్తాడు. తగ్గకపోతే థర్మోస్టాట్, అదీ కాకపోతే వాటర్ పంపు, ఆఖరికి రేడియేటర్. ఒక్కొక్కటిగా అన్నిటికీ బిల్లు మనమే కడతాం. తీరా చూస్తే కాలిపోయింది ఫ్యాను ఫ్యూజు.

"ఎప్పుడు" అనే ప్రశ్నకు అంత బలం ఉండటానికి కారణం, ఇంజిన్లో పుట్టే వేడి బయటికి పోవడానికి ఉన్న దారి. ఆ దారిలో ఒక్కో మజిలీ ఒక్కో పరిస్థితిలో బయటపడుతుంది. కాబట్టి ముందు ఆ వేడి ఎంతో చూద్దాం.

లీటరు పెట్రోలు కాలితే సుమారు 32 మెగాజౌళ్ళ శక్తి వస్తుంది. అందులో చక్రాల దాకా చేరేది నాలుగో వంతు, మహా అయితే ఇంకొంచెం ఎక్కువ. ఇంచుమించు మూడో వంతు సైలెన్సర్ గొట్టంలోంచి పొగతో పాటు పోతుంది. మరో మూడో వంతు సిలిండర్ గోడల్లోకి, హెడ్‌లోకి ఇంకుతుంది. కూలెంట్ మోయవలసిన బరువు ఈ చివరి వాటాయే. మండే క్షణంలో సిలిండర్లోని వాయువు 2,000 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది. స్వచ్ఛమైన అల్యూమినియం 660 డిగ్రీలకే కరుగుతుంది. పిస్టనూ హెడ్డూ అల్యూమినియం మిశ్రమాలతోనే చేస్తారు. అయినా కరగవు. ఆ మంట క్షణంలో వందోవంతు కూడా ఉండదు, పైగా గోడ వెనక నీళ్ళు తిరుగుతూనే ఉంటాయి.

ఘాట్ రోడ్డు లెక్క వేసి చూస్తే విషయం ఇంకా స్పష్టమవుతుంది. తిరుపతి నుంచి తిరుమల ఎత్తు సుమారు 700 మీటర్లు. మనుషులతో, సామానుతో కలిపి 1,300 కిలోల కారును అంత ఎత్తు లేపడానికి కావలసిన పని దాదాపు 9 మెగాజౌళ్ళు. ఇంజిన్ పెట్రోలు శక్తిలో నాలుగో వంతే పనిగా మారుస్తుంది కనుక 36 మెగాజౌళ్ళ పెట్రోలు కావాలి, అంటే లీటరుకు కొంచెం పైన. అందులో మూడో వంతు, అంటే 12 మెగాజౌళ్ళు, కూలెంట్ మీద పడతాయి. అరగంటలో ఎక్కితే సెకనుకు ఆరేడు కిలోజౌళ్ళు. ఇది ఎత్తు ఎక్కడానికి మాత్రమే. టైర్ల రాపిడి, ఏసీ, మలుపు మలుపుకీ తగ్గి మళ్ళీ పెరిగే వేగం, వీటి లెక్క వేరు. వేగం తక్కువ కాబట్టి ఎదురుగాలి అంతగా ఉండదు. నేల మీద ఏడాదంతా కనపడని లోపం కొండ మొదటి మలుపుల్లోనే ముల్లును పైకి నెట్టేది ఇందుకే. కొండ కొత్త జబ్బేమీ తేదు, ఉన్నదాన్ని బయటపెడుతుంది.

ఇప్పుడు దీనికి పూర్తి విరుద్ధమైన పరిస్థితి చూడండి. ట్రాఫిక్‌లో ఆగిన చిన్న కారు గంటకు ముప్పావు లీటరు తాగుతుందనుకుందాం. అందులో మూడో వంతు వేడిగా కూలెంట్‌లోకి పోతే సెకనుకు రెండు కిలోజౌళ్ళ చిల్లర. అది తక్కువే. కానీ ఫ్యాను ఆగిపోయి ఉంటే ఆ వేడి పోయే చోటు దాదాపు లేదు. ఐదు లీటర్ల కూలెంట్, ఎనభై కిలోల లోహం, ఇవన్నీ కలిసి 90 డిగ్రీల నుంచి 110కి చేరడానికి పది పన్నెండు నిమిషాలు చాలు. రెండు సిగ్నళ్ళ జామ్ అన్నమాట. అదే బండి రోడ్డెక్కి అరవైలో పోతుంటే ఎదురుగాలే ఫ్యాను పని చేస్తుంది కనుక ముల్లు మళ్ళీ మధ్యకు వచ్చేస్తుంది. ఓనరు "ఏమీ లేదులే, ఎండ" అనుకుంటాడు. మన ఎండ మీద నిందలు వేయడం తేలిక. కాని బయట 44 డిగ్రీలున్నా రేడియేటర్‌లో తిరిగే నీటికీ గాలికీ మధ్య ఇంకా యాభై డిగ్రీల తేడా ఉంటుంది. ఆ తేడాతో పని నడిచేలాగే బండిని తయారు చేస్తారు. ఎండకు మరిగే బండిలో ఎండ కాకుండా మరో లోపం తప్పకుండా ఉంటుంది.

నీటితో ఇంజిన్‌ను చల్లబరచడం మోటారు కారంత పాతది. కార్ల్ బెంజ్ 1886లో తెచ్చిన మూడు చక్రాల బండిలో నీళ్ళు మరిగి ఆవిరైపోయేవి, అంతే. లీటరు నీరు ఆవిరి కావడానికి 2,257 కిలోజౌళ్ళ వేడిని పట్టుకుపోతుంది కనుక పద్ధతి మోటుదైనా పని చేసేది. చిక్కల్లా మాటిమాటికీ నీళ్ళు పోయవలసి రావడమే. 1888 ఆగస్టులో ఆయన భార్య బెర్తా ఇద్దరు కొడుకుల్ని ఎక్కించుకుని మాన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్‌కు వంద కిలోమీటర్లకు పైగా ఆ బండి నడిపినప్పుడు, దారిలో నీళ్ళు దొరికిన చోటల్లా ఆగి నింపుకుంటూ పోయింది. నీటిని పారబోయకుండా అదే నీటిని చల్లబరిచి మళ్ళీ వాడుకునే దారిని సమర్థంగా చూపినవాడు విల్‌హెల్మ్ మైబాక్. 1901 నాటి మెర్సిడెస్ కారుకు ఆయన చేసిన తేనెపట్టు రేడియేటర్‌లో ఎనిమిది వేలకు పైగా సన్నని చదరపు గొట్టాలుండేవి. వాటిలోంచి గాలి పోతుంది, చుట్టూ నీరు పోతుంది. నేటి రేడియేటర్‌లో నీరు గొట్టాల లోపల, గాలి బయట రెక్కల మధ్య. అమరిక తిరగబడినా సూత్రం మారలేదు: ఉపరితలం ఎంత ఎక్కువైతే వేడి అంత త్వరగా పోతుంది.

ఈ మొత్తం వ్యవస్థలో అన్నిటికంటే చవకైనది, అందరూ చిన్నచూపు చూసేది రేడియేటర్ మూత. వంటింట్లో ప్రెషర్ కుక్కర్ మీద వెయిట్ చేసే పనే ఇది ఇంజిన్ మీద చేస్తుంది. మూత మీద 0.9 అనో 1.1 అనో అంకె ఉంటుంది. బయటి గాలి పీడనం కంటే అంత ఎక్కువ పీడనం దాకా లోపలి స్ప్రింగు పట్టి ఉంచుతుందని అర్థం. సముద్ర మట్టం దగ్గర మామూలుగా 100 డిగ్రీలకు మరిగే నీరు ఒక బార్ అదనపు పీడనం కింద 120 డిగ్రీల దాకా మరగదు. సగం నీరు, సగం ఇథిలీన్ గ్లైకాల్ కలిపిన కూలెంట్ అయితే మూత లేకుండా 107 డిగ్రీల దగ్గర, మూత బిగిస్తే దాదాపు 129 దగ్గర మరుగుతుంది. స్ప్రింగు బలహీనపడినా, రబ్బరు వాషరు చిట్లినా ఈ ఇరవై డిగ్రీల భద్రత మొత్తం పోతుంది. రిజర్వ్ బాటిల్ పొంగుతుంది. చూసినవాళ్ళు హెడ్ పోయిందని భయపెడతారు. ముందు మూత మార్చి చూడమని చెప్పే మెకానిక్కు మీకు దొరికితే వదులుకోకండి.

మూతలో రెండో వాల్వు కూడా ఉంది. ఇంజిన్ చల్లారేటప్పుడు కూలెంట్ కుంచించుకుపోతుంది కదా, అప్పుడు బాటిల్లోంచి నీటిని లోపలికి తిరిగి రానిచ్చేది ఇదే. అది పట్టేస్తే లోపల పీడనం పడిపోయి, పొద్దున్నే చూసేసరికి పై హోస్ పైపు నొక్కుకుపోయి చప్పిడిగా ఉంటుంది. బాటిల్ నిండుగా కనిపిస్తుంది, రేడియేటర్ మాత్రం ఖాళీ. బాటిల్ చూసి "నీళ్ళున్నాయి" అనుకునేవాళ్ళు మోసపోయేది ఇక్కడే.

ఇక ఆ "ఎప్పుడు" దగ్గరికి వద్దాం. ఆగితే ఎక్కి, నడిస్తే దిగితే అనుమానం గాలి మీద. ఇంజిన్ నడుస్తుండగా ఏసీ వేయండి. చాలా కార్లలో ఏసీ వేయగానే ఫ్యాను తిరగాలి. తిరిగితే మోటారు, వైరింగ్ బాగున్నాయి. అప్పుడు ఉష్ణోగ్రత సెన్సర్ వైపు చూడాలి. అది వేడి పెరిగే కొద్దీ నిరోధం తగ్గే చిన్న గింజ. అది తప్పు చెబితే ఫ్యానుకు పిలుపే అందదు. ఏసీ వేసినా తిరగకపోతే ఫ్యూజు, రిలే, మోటారు, ఆ వరసలో. ఫ్యాను తిరుగుతూనే ఉన్నా వేడెక్కితే టార్చిలైటు పట్టుకుని ముందు నుంచి చూడండి. ఏసీ కండెన్సర్‌కూ రేడియేటర్‌కూ మధ్య సందులో దుమ్ము, పురుగులు, కోతల కాలంలో రోడ్డు మీద ఆరబోసిన వడ్ల పొట్టు చాపలాగా పేరుకుని ఉండవచ్చు. సర్వీసింగ్ కుర్రాడు వాటర్ గన్ దగ్గరగా పెట్టి కొడితే మెత్తని రెక్కలు వంగిపోయి ఉన్న కాస్త దారీ మూసుకుపోతుంది. తక్కువ ధారతో, వీలైతే ఇంజిన్ వైపు నుంచి ముందుకు కడగాలి.

ఇందుకు విరుద్ధంగా, ఊళ్ళో బాగుండి హైవే మీద, ఘాట్ మీద ఎక్కితే అనుమానం నీటి ప్రవాహం మీద. ఊళ్ళో ఫ్యాను సరిపోయింది కనుక లోపం గాలిది కాదు. వేడిని మోసుకొచ్చే నీరే చాలడం లేదు. రేడియేటర్ గొట్టాలు లోపల పూడుకుపోయి ఉండవచ్చు. వాటర్ పంపు లోపలి రెక్కలను తుప్పు తినేసి ఉండవచ్చు. కొన్ని పంపుల్లో ప్లాస్టిక్ రెక్కల చక్రం షాఫ్టు మీద జారుతుంది. పైనుంచి చూస్తే పుల్లీ తిరుగుతూనే ఉంటుంది, లోపల నీరు కదలదు. ఇంకొకటి, ఎవరికీ తట్టనిది: కింది హోస్ పైపు. పంపు నీటిని పీల్చేది దాని ద్వారానే. పాతబడి మెత్తబడితే ఇంజిన్ ఎక్కువ వేగంలో తిరిగినప్పుడు ఆ లాగుడుకు పైపు నొక్కుకుపోతుంది. ఆపి చూస్తే మళ్ళీ గుండ్రంగా ఉంటుంది. షెడ్డులో నిలబెట్టి ఎంత చూసినా దొరకదు. ఎవరో ఒకరు యాక్సిలరేటర్ తొక్కుతుంటే ఇంకొకరు టార్చి వేసి చూడాలి.

స్టార్ట్ చేసిన కాసేపటికే ముల్లు పైకి పోతే రెండే మాటలు: కూలెంట్ లేదు, లేదా థర్మోస్టాట్ మూసుకుపోయింది. థర్మోస్టాట్ ఎంత తెలివైన వస్తువో చాలామందికి తెలియదు. కరెంటు లేదు, సెన్సర్ లేదు. రాగి మిశ్రమంతో చేసిన చిన్న గిన్నెలో మైనం ఉంటుంది. 82 డిగ్రీల దగ్గరో 88 దగ్గరో ఆ మైనం కరుగుతుంది. కరిగిన మైనం వ్యాకోచించి ఒక కడ్డీని బయటికి తోస్తుంది, వాల్వు తెరుచుకుంటుంది. అప్పటిదాకా నీరు ఇంజిన్లోనే తిరుగుతుంది, తెరుచుకున్నాక రేడియేటర్‌కు పోతుంది. పరీక్షించడం కూడా తేలికే. పాత గిన్నెలో నీళ్ళు పెట్టి, థర్మోస్టాట్‌ను దారానికి వేలాడదీసి, థర్మామీటరు పక్కన పెట్టి కాచండి. దాని మీద చెక్కిన అంకె దగ్గర కదలడం మొదలుపెట్టాలి, ఇంకో పది పన్నెండు డిగ్రీలకు పూర్తిగా తెరుచుకోవాలి.

"మన ఎండలకు ఇదెందుకు సార్, తీసేద్దాం" అనే సలహా మన షెడ్లలో తరచుగా వినిపిస్తుంది. ఒప్పుకోకండి. థర్మోస్టాట్ లేని ఇంజిన్ తన ఉష్ణోగ్రతకు చేరడానికి చాలాసేపు తీసుకుంటుంది. అంతసేపూ కంప్యూటర్ "ఇంజిన్ చల్లగా ఉంది" అనుకుని పెట్రోలు ఎక్కువ పోస్తుంది. కాలని పెట్రోలు సిలిండర్ గోడల మీదుగా ఆయిల్‌లోకి దిగి దాన్ని పల్చన చేస్తుంది. ఇంకా విచిత్రం, కొన్ని ఇంజిన్లలో థర్మోస్టాట్ తెరుచుకున్నప్పుడు దాని వెనక బిళ్ళ, నీరు ఇంజిన్లోనే తిరిగే బైపాస్ దారిని మూస్తుంది. తీసేస్తే ఆ దారి ఎప్పుడూ తెరిచే ఉంటుంది. నీటిలో కొంత భాగం రేడియేటర్ ముఖం చూడకుండానే చుట్టూ తిరుగుతుంది. చల్లబడాలని తీసినది ఘాట్ మీద ఇంకా వేడెక్కేలా చేస్తుంది.

నీళ్ళ విషయం కొంచెం సేపు మాట్లాడాలి, ఎందుకంటే మన దగ్గర రేడియేటర్లను ఎక్కువగా పాడు చేసేది బోరు నీరే. నిజానికి వేడిని మోయడంలో స్వచ్ఛమైన నీరు కూలెంట్ కంటే మెరుగు. గ్లైకాల్ కలిపితే మిశ్రమం వేడిని పట్టుకునే శక్తి తగ్గుతుంది, చిక్కదనం పెరుగుతుంది. మరి మంచు పడని ఊళ్ళో గ్లైకాల్ ఎందుకు? మరిగే ఉష్ణోగ్రత పెంచడానికి ఒకటి. అంతకంటే ముఖ్యం, దానితో పాటు వచ్చే తుప్పు నిరోధకాలు. ఇవి అల్యూమినియం మీద, ఇనుము మీద, సోల్డరు మీద ఒక పొరలా పని చేస్తూ కాలక్రమంలో ఖర్చయిపోతాయి. కూలెంట్ చూడటానికి రంగు బాగానే ఉన్నా గడువు తీరాక మార్చమనేది అందుకే. ఆ రంగును కూడా నమ్మకూడదు. పచ్చ, ఎరుపు, నీలం అనేవి కంపెనీ ఇష్టం. లోపలి రసాయనం ఏమిటో రంగు చెప్పదు. రెండు రకాలు కలిపితే నిరోధకాలు ఒకదానినొకటి పాడు చేసుకోవచ్చు.

బోరు నీటిలో కరిగి ఉన్న కాల్షియం బైకార్బనేట్ వేడికి విడిపోయి కార్బనేట్‌గా గట్టిపడుతుంది. అది పేరుకునేది సరిగ్గా అతి వేడి చోట, అంటే హెడ్‌లో ఎగ్జాస్ట్ వాల్వుల చుట్టూ, తర్వాత రేడియేటర్ సన్న గొట్టాల్లో. ఆ సుద్ద పొర వేడిని వహనం చేసే శక్తి అల్యూమినియంతో పోలిస్తే దాదాపు నూరో వంతు. మిల్లీమీటరు పొర చాలు, అక్కడ లోహం విడిగా కాగిపోతుంది. డ్రైవర్లు లీకు ఆపడానికి చిటికెడు పసుపు వేసే చిట్కా కూడా ఉంది. చిన్న చిల్లును అది నిజంగానే మూస్తుంది. తర్వాత చిల్లు కానివాటిని కూడా మూస్తుంది. ఊరు చేరడానికి పనికొస్తుంది, ఊరు చేరాక కడిగించకపోతే రేడియేటర్‌కే చేటు. కలపడానికి బ్యాటరీకి వాడే డిస్టిల్డ్ వాటర్ తీసుకోండి. మిగిలిన కూలెంట్‌ను గేటు పక్కన పారబోయకండి. ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది. నాకిన కుక్కలు, పిల్లులు చనిపోతాయి.

ఇవన్నీ బాగుండి, ఎక్కడా లీకు కనపడకుండానే నీరు తగ్గుతుంటే అప్పుడు హెడ్ గ్యాస్కెట్ మీద అనుమానం. మండేటప్పుడు సిలిండర్లో పీడనం 50 బార్లు దాటవచ్చు, పక్కనే కాలువలో కూలెంట్ పీడనం ఒక్క బార్. మధ్య అడ్డు గ్యాస్కెట్ మాత్రమే. అది చిట్లితే వాయువు నీటిలోకి దూరుతుంది. చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసిన నిమిషానికే పై హోస్ రాయిలా బిగుసుకుంటుంది, మూత లేని రేడియేటర్‌లో బుడగలు ఆగకుండా వస్తాయి. ఆయిల్ గీత కడ్డీ మీద పాలకాఫీ రంగు, సైలెన్సర్‌లోంచి ఇంజిన్ వేడెక్కాక కూడా ఆగని తెల్లటి పొగ. చలికాలం పొద్దున్నే రెండు నిమిషాలు వచ్చే ఆవిరి లెక్కలోకి రాదు. నిర్ధారణకు ఒక చక్కని పరీక్ష ఉంది. రేడియేటర్ నోటి దగ్గరి గాలిని నీలి ద్రవంలోంచి పీలుస్తారు. అందులో కార్బన్ డయాక్సైడ్ ఉంటే నీలం పసుపుగా మారుతుంది. హెడ్ విప్పి చూద్దాం అనేముందు ఈ పరీక్ష అడగండి.

హెడ్ ఎందుకు వంగుతుందంటే, వేడికి అల్యూమినియం ఇనుము కంటే రెండింతలు సాగుతుంది. 400 మిల్లీమీటర్ల హెడ్ నూరు డిగ్రీలకు దాదాపు 0.9 మిల్లీమీటరు పెరిగితే కింద ఇనుప బ్లాకు 0.45 కూడా పెరగదు. బోల్టులు పట్టుకుని ఉండటంతో పెరిగే దారి లేక లోహం నడుమ ఉబ్బుతుంది. లేత్ షాపులో ఫేసింగ్ కొట్టించేముందు స్కేలు పెట్టి, ఫీలర్ గేజితో వంపు కొలవాలి. సాధారణంగా ఒప్పుకునే హద్దు మిల్లీమీటరులో పదో వంతు, కొన్నిటికి అందులో సగమే. కొలవకుండా కొత్త గ్యాస్కెట్ వేసి బిగిస్తే నెలకే తిరిగి వస్తుంది.

దారిలో ముల్లు పైకి పోతుంటే, ఇంకా ఎర్రగీత తాకకముందే ఏసీ ఆపండి, అద్దాలు దించండి, హీటర్ గరిష్ఠానికి తిప్పి బ్లోయర్ పూర్తిగా వేయండి. మే నెలలో అది నరకమే, కానీ హీటర్ నిజానికి రెండో చిన్న రేడియేటర్. ఎర్రగీత తాకినా, ఆవిరి కనపడినా వెంటనే పక్కకు తీసి ఆపేయాలి. ఎక్కువగా ఉన్న ముల్లు ఉన్నట్టుండి కిందికి పడితే సంతోషించకండి. సెన్సర్ నీటిలో కాక ఖాళీలో ఉందని అర్థం కావచ్చు. ముల్లే లేని కార్లలో ఎర్రదీపమే ఆఖరి హెచ్చరిక, అది వెలిగాక "ఇంకో కిలోమీటరు" అనేది ఉండదు.

మూత మాత్రం తీయకండి. లోపల 115 డిగ్రీల దగ్గర ఐదు లీటర్ల నీరుంటే, మూత సడలగానే 15 డిగ్రీల అదనపు వేడితో దాదాపు 140 గ్రాముల నీరు ఒక్కసారిగా ఆవిరవుతుంది. పరిమాణంలో అది 230 లీటర్లు. మిగిలిన మరిగే నీటిని ముఖం మీదికి తోసేది అదే. పైపు చేత్తో పట్టుకోగలిగేంత చల్లారేదాకా, కనీసం ముప్పావు గంట, ఆగాలి. చల్లారకుండా చన్నీళ్ళు పోస్తే హెడ్ పగిలిపోవచ్చు.

బాగు చేయించాక చివరి పని గాలి తీయడం. కొత్త కూలెంట్ నింపినప్పుడు హెడ్‌లో గాలి బుడగ చిక్కుకుంటే పంపు దాన్ని తోయలేదు, రెండో రోజే మళ్ళీ ముల్లు పైకి పోతుంది. ముందు చక్రాలు కొంచెం ఎత్తులో ఉండేలా నిలిపి, మూత తీసి చల్లగా స్టార్ట్ చేసి, హీటర్ వేడి గాలి ఊదేదాకా, ఫ్యాను రెండుసార్లు తిరిగి ఆగేదాకా బుడగలు వస్తుంటే నింపుతూ పోవాలి. బ్లీడ్ స్క్రూ ఉన్న బండికి దాన్నే వాడాలి. మర్నాడు పొద్దున ఇంజిన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు మూత తీసి రేడియేటర్‌లోనే మట్టం చూడండి. తగ్గి ఉంటే నింపి, వారం పాటు రోజూ అదే పని చేయండి. వారం తర్వాత కూడా తగ్గుతూనే ఉంటే ఆ నీలి ద్రవం పరీక్షకు తీసుకెళ్ళాలి.